ముఖం ఒకరిది, గొంతు మరొకరిది: నటన, గాత్రదానం, గానం ఒకే కళాకారిణిలో కలిసినప్పుడు

2025 అక్టోబరులో రావు బాలసరస్వతీ దేవి కన్నుమూసినప్పుడు పత్రికలు ఆమెను బాలనటిగా, కథానాయికగా, తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయనిగా, ఆకాశవాణి లలిత సంగీతానికి తొలినాటి గొంతుగా స్మరించుకున్నాయి. ఆమె పుట్టింది వెంకటగిరిలో. 2022 నాటి జిల్లాల పునర్విభజనకు ముందు ఆ ఊరు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ వార్తలు చదివిన ఈ తరం పాఠకులకు కొన్ని సందేహాలు కలగడం సహజం. ఆమె నటి అయినప్పుడు తన పాటలు తానే పాడుకున్నారా, లేక ఇతరులకు పాడారా? తెర మీద కనిపించే మనిషి పాడుతున్నట్టు ఉంటే ఆ గొంతు ఆమెది అవునో కాదో ఎలా తెలుస్తుంది? రేడియోలో పాడటానికీ, సినిమాకు పాడటానికీ తేడా ఏమిటి?

ఈ సందేహాలు బాలసరస్వతీ దేవి ఒక్కరి గురించినవి కావు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతీ రామకృష్ణ గురించి రాసిన వ్యాసాలలోనూ, నెల్లూరు కుటుంబానికి చెందిన ఎస్.పి. శైలజ గురించి రాసిన పరిచయాలలోనూ నటి, గాయని, డబ్బింగ్ కళాకారిణి అనే మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నింటినీ కలిపి ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అనేయడం మనకు అలవాటు. ఆ బిరుదు గౌరవప్రదమైనదే గానీ, అది ఒక ముఖ్యమైన సంగతిని కప్పేస్తుంది. ఈ ముగ్గురూ చేసిన పని ఒకే రకమైనది కాదు. ముఖానికీ గొంతుకూ మధ్య ఉండే సంబంధం ఒక్కొక్కరి విషయంలో ఒక్కొక్క విధంగా ఉంది. ఆ సంబంధాన్ని విడదీసి చూస్తే తప్ప వారి ప్రతిభ ఎక్కడ ఉన్నదో సరిగా తెలియదు.

వేర్వేరు శ్రమలు

మొదట నిర్వచనాలు చూద్దాం. తెర మీద శరీరంతో, ముఖంతో, చూపుతో పాత్రను పోషించడం నటన. ఆ పాత్ర పలికే మాటలను, నటించిన వ్యక్తి కాకుండా మరొకరు చిత్రీకరణ పూర్తయిన తరువాత స్టూడియోలో పలకడం గాత్రదానం. పరిశ్రమలో దీనినే డబ్బింగ్ అంటారు. ఆ పాత్ర పాడే పాటను వేరొకరు పాడటం నేపథ్య గానం. ఈ రెండింటిలోనూ కళాకారుడు కనిపించడు. కాని వీటి కాలక్రమం తలకిందులుగా ఉంటుంది. నేపథ్య గానంలో సాధారణంగా పాట ముందు రికార్డవుతుంది, నటి తరువాత ఆ పాటకు తగినట్టు పెదవులు కదుపుతుంది. గాత్రదానంలో నటి ముందు నటిస్తుంది, గొంతు ఇచ్చే కళాకారిణి తరువాత ఆ పెదవులను అనుసరిస్తుంది. ఒకచోట నటి గొంతుకు లోబడుతుంది, మరొకచోట గొంతు నటికి లోబడుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మిగిలిన చిక్కుముడులు చాలావరకు వీడిపోతాయి.

వీటికి భిన్నమైనది వేదిక మీద శ్రోతల ఎదుట పాడటం. కర్ణాటక కచేరీ అయినా, అమెరికాలో పుట్టిన జాజ్ అయినా అక్కడ గాయని తన ముఖంతో, తన గొంతుతో, తన పేరుతోనే నిలబడాలి. జాజ్ గురించి తరువాత వివరంగా చూద్దాం.

ఈ విభజన మనకు సినిమా వచ్చిన తరువాతే అవసరమైంది. శైలజ తండ్రి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి అయిన సాంబమూర్తి గారు నెల్లూరులో పేరున్న హరికథా కళాకారులు. హరికథలో కాలికి గజ్జె, చేతిలో చిడతలు పట్టుకున్న భాగవతార్ ఒక్కరే కథ చెబుతారు, పద్యం పాడతారు, రాముడిగా పలుకుతారు, మరుక్షణంలో మంథరగా గొంతు మారుస్తారు, రెండు అడుగులు నర్తిస్తారు కూడా. నటన, గాత్ర వైవిధ్యం, గానం అక్కడ ఒకే శరీరంలో ఉంటాయి; వాటికి వేర్వేరు పేర్లు పెట్టవలసిన అవసరమే రాలేదు. అటువంటి ఇంటి పిల్లలు మద్రాసు స్టూడియోలలో పాటకు ఒకరుగా, మాటకు ఒకరుగా విడివిడిగా పనిచేసి కూడా రెండింటిలోనూ రాణించడం నాకు ఆశ్చర్యంగా తోచదు. మైకు ముందు ఒంటరిగా నిలబడి పాత్రగా మారిపోయే విద్య ఆ ఇంట్లో పెద్దల నుంచే ఉంది.

గొంతు ముఖం నుంచి విడిపోయిన కాలం

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఆ రోజుల్లో కెమెరా, మైకు ఒకేసారి పనిచేసేవి. నటి ఏ క్షణంలో పాడితే ఆ క్షణంలోనే చిత్రీకరణ, శబ్దగ్రహణం రెండూ జరిగేవి. వాద్యకారులు కెమెరా కంటికి అందకుండా పక్కన కూర్చుని వాయించేవారు. అందువల్ల పాడలేని వారికి ప్రధాన పాత్రలు దొరకడం కష్టంగా ఉండేది. రంగస్థలం మీద పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నవారే తొలి టాకీలలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థలో పాటను ముందే రికార్డు చేసి, తరువాత దానికి నటింపజేసే పద్ధతి మొదలైంది. తెలుగులో అది 1940లలో స్థిరపడింది.

బాలసరస్వతీ దేవి జీవితం సరిగ్గా ఈ మలుపు మీద నిలబడి ఉంది. 1936 నాటి ‘సతీ అనసూయ’లో ఆమె బాలనటి. అప్పుడు తన ముఖం, తన గొంతు. 1943లో వచ్చిన ‘భాగ్యలక్ష్మి’లో ఆమె పాడిన పాటకు తెర మీద కనిపించినది కమలా కోట్నీస్. అక్కడ గొంతు మాత్రమే ఆమెది. ఆకాశవాణిలో పాడిన లలిత గీతాలకు అసలు ముఖమే లేదు. మద్రాసు కేంద్రం 1938లో ప్రారంభమైన తరువాత ఇంట్లో రేడియో ఉన్నవారికి ఆ గొంతే మొత్తం మనిషి. ఒకే వ్యక్తి పదేళ్ళలోపు మూడు వేర్వేరు ఏర్పాట్లలో పనిచేశారు. తొలి నేపథ్య గాయని ఎవరన్న విషయంలో పరిశోధకుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నా దృష్టిలో ఆ ‘తొలి’ బిరుదు కన్నా, నటీమణిగా పేరున్న ఒక స్త్రీ మరొక నటికి తన గొంతు ఇవ్వడానికి అంగీకరించడమే ఎక్కువ ముఖ్యమైన సంగతి. అప్పటివరకు గాత్రం నటి సొంత ఆస్తి. ఆనాటి నుంచి అది ఇచ్చిపుచ్చుకోగలిగినదిగా మారింది.

భానుమతి: విడిపోవడానికి ఒప్పుకోని గొంతు

1925లో పుట్టిన భానుమతి 1939లో ‘వరవిక్రయం’తో తెర మీదికి వచ్చారు. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. ఆమె స్థిరపడే నాటికి నేపథ్య గానం మామూలు పద్ధతి అయిపోయింది. పాడగలిగిన నటీమణులు కూడా క్రమంగా ఇతరుల గొంతులకు పెదవులు కదపడం మొదలుపెట్టారు. భానుమతి మాత్రం తన పాత్రల పాటలు తానే పాడుకుంటూ వచ్చారు. దీనిని కేవలం పట్టుదలగా చూస్తే సరిపోదు. పాట, నటన రెండూ ఒకే ఆలోచన నుంచి రావాలన్న కళాదృష్టి అందులో ఉంది.

దీనిని అర్థం చేసుకోవడానికి 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’ మంచి ఉదాహరణ. ‘ఆకాశవీధిలో’ అనే యుగళగీతంలో నాయకుడు, నాయిక దూరదూరంగా ఉండి మేఘానికి తమ గోడు చెప్పుకుంటారు. నాయకుడి వైపు చరణాలలో కనిపించేది ఎన్.టి. రామారావు, వినిపించేది ఘంటసాల. నాయిక వైపు చరణాలలో కనిపించేదీ వినిపించేదీ భానుమతే. అంటే ఒకే పాటలో రెండు పద్ధతులు పక్కపక్కన నడుస్తున్నాయి. ఘంటసాల రామారావుకు పాడినప్పుడు ఆయన పాట ఒక వ్యాఖ్యానం. రామారావు నటన ఆ వ్యాఖ్యానానికి మరొక వ్యాఖ్యానం. భానుమతి విషయంలో ఈ రెండు మెట్లు లేవు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర గొంతు సన్నబడాలో పాడేటప్పుడు నిర్ణయించుకున్న మనిషే కెమెరా ముందు ఆ ఊపిరిని మళ్ళీ తీసుకుంటుంది. ఆ పాటను ఒకసారి శబ్దం లేకుండా చూసి, మరొకసారి కళ్ళు మూసుకొని వింటే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. 1954 నాటి ‘విప్రనారాయణ’లోనూ ఇదే అమరిక: అక్కినేని నాగేశ్వరరావుకు ఎ.ఎం. రాజా పాడారు, దేవదేవిగా భానుమతి తనకు తానే పాడుకున్నారు.

అంతమాత్రాన మొదటి పద్ధతి తక్కువదని కాదు. ఘంటసాల గొంతు లేకపోతే ఆ నాయకుడి విరహం మనకు అంతగా చేరేది కాదు. రెండు పద్ధతులకూ వేర్వేరు కొలమానాలు కావాలి, అంతే.

భానుమతి 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి నిర్మించారు. ‘అత్తగారి కథలు’ రాశారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1984లో ‘మంగమ్మగారి మనవడు’లో బామ్మగా నటించినప్పుడు కూడా తెర మీది తన గొంతును ఇతరులకు అప్పగించలేదు.

శైలజ: గొంతుకు అనేక ముఖాలు

శైలజ కళాజీవితం దీనికి దాదాపు వ్యతిరేక దిశలో నడిచింది. 1970ల చివరి నుంచి ఆమె గొంతు అనేకమంది నాయికల పెదవుల మీద వినిపించింది. పాటలతో పాటు మాటలకూ ఆమె గొంతు ఇచ్చారు. టబు, సోనాలీ బెంద్రే వంటి ఉత్తరాది నటీమణులు తెలుగులో మాట్లాడినప్పుడు ప్రేక్షకులు విన్న గొంతులలో శైలజది ఒకటి. అయితే ఆమె ముఖం తెర మీద గుర్తుండిపోయింది ఒక పాత్రతోనే. అది 1983లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో వచ్చిన ‘సాగర సంగమం’లో నర్తకి పాత్ర.

మన చర్చకు ఆ చిత్రమంత మంచి ఉదాహరణ దొరకదు. ‘ఓం నమః శివాయ’ పాటకు తెర మీద నాట్యం చేస్తున్నది శైలజ. ఆ పాట పాడింది ఎస్. జానకి. అంటే పేరున్న గాయని నటిగా నిలబడినప్పుడు వెనుక నుంచి మరొక గాయని గొంతు వినిపిస్తోంది. ‘నాద వినోదము’కు నర్తించింది కమల్ హాసన్, జయప్రద, అక్కడ వినిపించే స్త్రీ గొంతు శైలజది. చివరకు ‘వేదం అణువణువున’ వచ్చేసరికి నర్తిస్తున్నది శైలజ, అన్నగారు బాలసుబ్రహ్మణ్యంతో కలిసి పాడినదీ శైలజే. ముఖం ఆమెది గొంతు పరాయిది, గొంతు ఆమెది ముఖం పరాయిది, రెండూ ఆమెవే. ఈ మూడు అమరికలూ ఒకే చిత్రంలో ఉన్నాయి. ‘ఈ సినిమాలో శైలజ ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

మొదటి అమరిక చాలామందిని తికమకపెడుతుంది. పాడగలిగిన మనిషికి వేరొకరి పాట ఎందుకు? సంగీత దర్శకుడు ఇళయరాజా దృష్టి పాట మీద ఉంటుంది. ఆ పాటకు ఎవరి గొంతు తగినదో అదే ఆయన చూసుకుంటారు. ఆ పాటకు తెర మీద ఎవరు కనిపిస్తారన్నది వేరే నిర్ణయం. అక్కడ నర్తకి పాడుతున్నట్టు కథలో లేదు, ఆమె పాటకు ఆడుతోంది. కాబట్టి గొంతు పోలిక అవసరమే రాదు.

బాలసుబ్రహ్మణ్యం విషయంలో ఇటువంటిదే మరింత విచిత్రమైన అమరిక ‘అన్నమయ్య’ (1997)లో ఉంది. అన్నమయ్యగా నటించిన నాగార్జునకు పాటలు పాడింది ఆయన. వేంకటేశ్వరుడిగా నటించిన సుమన్‌కు మాటలు పలికింది కూడా ఆయనే. భక్తుడి పాట, భగవంతుడి మాట ఒకే కంఠం నుంచి వచ్చాయి. అయినా థియేటర్‌లో ఎవరికీ అది ఇబ్బందిగా అనిపించలేదు. పాడే గొంతు వేరు, పలికే గొంతు వేరు అన్నంతగా ఆయన వాటిని విడదీయగలిగారు. ఆ గాత్రదానానికి ఆయనకు నంది పురస్కారం వచ్చింది.

పెదవుల కదలికకు లోబడి పలకడం

గాత్రదానాన్ని ‘మాటలు చదవడం’గా భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పనిలోని కష్టం తెలియకపోవడమే అందుకు కారణం. తెలుగులో తొలి అనువాద చిత్రం ‘ఆహుతి’ 1950లో వచ్చింది. దానికి మాటలు రాసింది శ్రీశ్రీ. మహాకవి చేయి పడవలసినంత క్లిష్టమైన పని అది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. హిందీ నాయిక ‘మత్ జావో’ అంటోంది. దానికి అర్థం ‘వెళ్ళకు’. కాని ‘మ’ అన్నప్పుడు ఆమె రెండు పెదవులూ కలిశాయి. ‘వె’ అన్నప్పుడు పెదవులు అలా కలవవు. తెర మీద పెదవులు మూసుకుంటూ ఉంటే ‘వెళ్ళకు’ అని వినిపించడం ప్రేక్షకుడికి తెలియకుండానే చిరాకు కలిగిస్తుంది. అందుచేత రచయిత ‘పోవద్దు’ అని రాస్తారు. ‘ప’కు పెదవులు కలుస్తాయి, మూడు అక్షరాల నడక కూడా సరిపోతుంది. ప, ఫ, బ, భ, మ అనే అక్షరాల దగ్గర డబ్బింగ్ రచయిత ఎప్పుడూ జాగ్రత్తగా ఉంటాడు. తమిళం నుంచి వచ్చే మాటలకు ఈ బాధ కొంత తక్కువ, ఎందుకంటే ‘పో’ అన్న తమిళ మాట తెలుగులోనూ ‘పో’నే.

అక్షరాలు కుదిరిన తరువాత అసలు పని మొదలవుతుంది. నటి తల తిప్పినప్పుడు గొంతు కాస్త దూరమవ్వాలి. ఏడుపు ఆపుకుంటున్నప్పుడు మాటకు ముందు వచ్చే చిన్న శ్వాస వినిపించాలి. పరుగెత్తి వచ్చిన మనిషి ఆయాసం, స్టూడియోలో కదలకుండా నిలబడిన మనిషి గొంతులో పుట్టాలి. యాస కూడా ఇందులో భాగమే. నెల్లూరు పల్లెలో ఒక తల్లి ‘యాడికి పోతా ఉండావు’ అన్నప్పుడు చివరి మాట సాగే తీరు, ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అన్న పుస్తక వాక్యంలో లేదు. అది తెలిసిన గొంతు కావాలి, లేకపోతే పాత్ర ఊరు మారిపోతుంది. పూర్వం చిత్రాన్ని చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను మళ్ళీ మళ్ళీ తెర మీద నడిపిస్తూ ఈ పని చేసేవారు. ఆ ముక్కను లూప్ అనేవారు. ఇప్పుడు అదంతా కంప్యూటర్ మీద జరుగుతోంది. గొంతు ఇచ్చేవారు అందరూ కలిసి నిలబడి పలకవలసిన అవసరం తగ్గింది, పాత్రకు ఎదురు పాత్ర లేకుండా ఒంటరిగా పలకవలసిన కష్టం పెరిగింది.

నటన తెలిసినవారు ఈ రంగంలో రాణించడం ఇందువల్లనే. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో బాలప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి, ‘మరో చరిత్ర’ నాయిక సరిత తరువాతి కాలంలో ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. గాయని సునీత కూడా అటువంటివారే.

జాజ్ గాయని అంటే ఎవరు

విదేశీ కళాకారిణుల పరిచయాలలో ‘నటి, గాత్ర కళాకారిణి, జాజ్ గాయని’ అన్న వరుస తరచుగా కనిపిస్తుంది. మన నేపథ్య గాయనిని దృష్టిలో పెట్టుకొని దానిని చదివితే తప్పుదారి పడతాం.

జాజ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ప్రాంతపు నల్లజాతి సంగీతకారుల నుంచి ఎదిగిన సంగీతం. అందులో పాట బాణీ ఒక మొదలు మాత్రమే. గాయని ప్రతిసారీ దానిని కొత్తగా మలచాలి. లయకు కాస్త వెనుకగానో, ముందుగానో పదాన్ని వదలాలి. అవసరమైతే అర్థం లేని అక్షరాలతో స్వరాలను అల్లుకుంటూ పోవాలి. ఈ అల్లికను స్కాట్ అంటారు. మన కర్ణాటక సంగీతంలో కల్పనస్వరం, నెరవల్ తెలిసిన శ్రోతకు ఈ భావన కొత్త కాదు. వ్యాకరణం వేరు గాని, ‘అప్పటికప్పుడు’ అన్న ధర్మం ఒకటే. 1960లో బెర్లిన్ కచేరీలో ఎల్లా ఫిట్జెరాల్డ్ ఒక పాట మధ్యలో సాహిత్యం మరచిపోయారు. ఆగకుండా, తాను మరచిపోయిన సంగతినే అప్పటికప్పుడు మాటలుగా కట్టి, లయ తప్పకుండా పాడి ముగించారు. ఆ రికార్డింగుకు గ్రామీ పురస్కారం వచ్చింది. నేపథ్య గానంలో అటువంటి సందర్భానికి చోటు లేదు. అక్కడ మళ్ళీ ఇంకొక టేక్ తీసుకుంటారు.

కాబట్టి సినిమా పాటలో శాక్సాఫోన్, ట్రంపెట్ వినిపించినంత మాత్రాన అది జాజ్ అవుతుందా అన్న ప్రశ్న వస్తుంది. 1930ల నుంచి బొంబాయి, కలకత్తా హోటళ్ళలో జాజ్ బృందాలు వాయించాయి; గోవా సంగీతకారులు, ఆంగ్లో ఇండియన్ సంగీతకారులు అక్కడి నుంచి సినిమా వాద్యబృందాలలోకి వచ్చారు. క్లబ్ పాటలలో వినిపించే ఆ ఊపు వారిది. ఎల్.ఆర్. ఈశ్వరి వంటి గాయనుల గొంతులో ఆ ఊపు సహజంగా ఒదిగింది. అందుచేత వాటిని జాజ్ అనవచ్చని కొందరు సంగీతాభిమానుల వాదన. పాట ముందే పూర్తిగా నిర్ణయమై, రికార్డులో స్థిరపడిన చోట జాజ్‌కు ప్రాణమైన స్వేచ్ఛ లేదు కనుక అది జాజ్ ఛాయ మాత్రమేనని మరికొందరి వాదన. వాద్యాల సంగతి చెప్పేటప్పుడు మొదటి మాట నిజం, గానం సంగతి చెప్పేటప్పుడు రెండోది నిజం అని నాకు తోస్తుంది.

భానుమతి ఇక్కడ మళ్ళీ ప్రస్తావనకు వస్తారు. డోరిస్ డే 1940లలో లెస్ బ్రౌన్ బృందంతో పాడి పేరు తెచ్చుకున్న గాయని, తరువాత హాలీవుడ్ నటి. 1956లో ఆమె ఒక చిత్రంలో పాడిన ‘కే సెరా సెరా’కు ఆస్కార్ వచ్చింది. 1965లో ‘తోడు నీడ’లో భానుమతి ఆ పాటను తెర మీద తానే పాడారు. ఈ కారణంగా ఆమెను జాజ్ పాడిన తెలుగు నటిగా పేర్కొంటే మాత్రం అది సరికాదు. డోరిస్ డే జాజ్ బృందాల నుంచి వచ్చిన మాట నిజమే గాని, ఆ పాట మూడు మాత్రల వాల్ట్జ్ నడకలో సాగే సినిమా పాట. గాయని నేపథ్యం వేరు, పాట స్వభావం వేరు. అయితే కర్ణాటక సంగీతంలో పెరిగిన ఒంగోలు ప్రాంతపు గొంతు, గమకాలను పక్కన పెట్టి స్వరాన్ని నిటారుగా నిలిపి పాడగలగడం తక్కువ సాధన కాదు. ‘స్వర్గసీమ’ (1945)లో ఆమె పాడిన ‘ఓహో పావురమా’కు రీటా హేవర్త్ నటించిన ఒక హాలీవుడ్ చిత్రంలోని పాట స్ఫూర్తి అని సినిమా చరిత్ర రాసినవారు పేర్కొన్నారు. రీటా హేవర్త్ పాటలలో చాలావాటిని ఆమె కోసం వేరే గాయనులు పాడారు. భానుమతి తన పాటను తానే పాడారు.

మూడు పనులూ నిజంగా ఒకే మనిషిలో ఉన్న ఉదాహరణ కావాలంటే ఎర్తా కిట్‌ను చూడాలి. 1927లో దక్షిణ కరొలైనాలో పేదరికంలో పుట్టిన ఆమె నర్తకిగా మొదలై, రాత్రి క్లబ్బులలో పాడి, 1960లలో టెలివిజన్ నటిగా ప్రసిద్ధికెక్కారు. డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత, 2000లో, ఒక డిస్నీ యానిమేషన్ చిత్రంలో యిజ్మా అనే దుష్టపాత్రకు గొంతు ఇచ్చారు. ఆ పాత్రతో వచ్చిన ధారావాహికకు ఎమ్మీ పురస్కారాలు అందుకున్నారు. యానిమేషన్‌లో గాత్రదానం మన డబ్బింగ్‌కు వ్యతిరేక దిశలో నడుస్తుంది: సాధారణంగా గొంతు ముందు రికార్డవుతుంది, చిత్రకారులు ఆ గొంతును బట్టి ముఖాన్ని గీస్తారు. అక్కడ గొంతుకు మరొకరి పెదవుల నిర్బంధం లేదు.

అభినయం ఎవరిది: రెండు వాదాలు

నటి గొంతు వేరొకరిదైనప్పుడు అభినయానికి వచ్చే మెప్పు ఎవరిది అన్న వాదన పాతదే. వాచికం కూడా అభినయంలో భాగమని మన నాట్యశాస్త్రమే చెప్పింది, కనుక సొంత గొంతు లేని నటన అసంపూర్ణం అని ఒక పక్షం. భాష రాని నటీమణులను తెచ్చుకోవడం వల్ల తెలుగు మాట్లాడే అమ్మాయిలకు అవకాశాలు తగ్గుతున్నాయన్న ఆవేదన కూడా ఈ పక్షంలో ఉంది. నెల్లూరులోనో ఒంగోలులోనో నాటకాలు వేసుకుంటున్న అమ్మాయి వైపు నుంచి చూస్తే అది న్యాయమైన ఆవేదనే.

సినిమా మొదటి నుంచీ ఉమ్మడి సృష్టి అని రెండో పక్షం. ఛాయాగ్రహణం, కూర్పు, దుస్తులు ఎలా పాత్రను నిర్మిస్తాయో గొంతు కూడా అలాగే నిర్మిస్తుందని, పాటకు మరొకరి గొంతును అంగీకరించిన ప్రేక్షకుడు మాటకు ఎందుకు అంగీకరించకూడదని వారి ప్రశ్న. గాత్రదానం వందలాది కుటుంబాలకు జీవనాధారం అన్న వాస్తవం కూడా వారి వైపు ఉంది. ఈ ప్రశ్నకు మొదటి పక్షం ఇచ్చే సమాధానం బలమైనదే: నేపథ్య గాయని పేరు పాటతో పాటు అందరికీ తెలుస్తుంది, గాత్రదానం చేసినవారి పేరు చాలాసార్లు తెలియదు. ఈ వివాదంలో అసలు నొప్పి కళ గురించి కన్నా గుర్తింపు గురించే ఎక్కువ అని నా అభిప్రాయం.

మనిషి లేకుండా గొంతు: కృత్రిమ మేధ తెచ్చిన చిక్కు

ఇప్పటివరకు గొంతు ముఖం నుంచి విడిపోయిందే గాని, మనిషి నుంచి విడిపోలేదు. శైలజ గొంతు టబు పెదవుల మీద వినిపించాలంటే శైలజ స్టూడియోకు రావాలి. కృత్రిమ మేధ ఆ అవసరాన్ని తొలగించింది. 2020లో మరణించిన బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో పునఃసృష్టించి ఒక తెలుగు చిత్రంలో వాడారంటూ ఆయన కుటుంబం 2024లో న్యాయపరమైన నోటీసు పంపింది. అదే ఏడాది ఎ.ఆర్. రెహమాన్ ఒక తమిళ చిత్రంలో దివంగత గాయకులు షాహుల్ హమీద్, బంబా బాక్యాల గొంతులను ఇదే విధంగా వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం చెల్లించామని ప్రకటించారు. సాంకేతికత ఒకటే; అనుమతి ఉన్నచోట అభిమానుల్లో కొందరు సంతోషించారు, మరికొందరు అనుమతి ఉన్నా చనిపోయినవారి చేత కొత్త పాట పాడించడం సరికాదన్నారు. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో అనుకరించడాన్ని నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది.

మన కాపీరైట్ చట్టంలో కళాకారుల ప్రదర్శనకు ప్రత్యేక హక్కు 1994 సవరణతో వచ్చింది, 2012 సవరణతో బలపడింది. ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం నుంచి యాభై ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. 2000లో రికార్డయిన పాటకు లెక్క 2050 చివరి వరకు. అయితే ఈ హక్కు ఫలానా ప్రదర్శనకు సంబంధించినది. ఎన్నడూ పాడని కొత్త పాటను ఒకరి గొంతుతో యంత్రం పాడినప్పుడు అక్కడ నకలు చేయబడిన ప్రదర్శన ఏది? కోర్టులు అందుకే వ్యక్తిత్వ హక్కు, అంటే తన పేరు, రూపం, గొంతు మీద మనిషికి ఉండే హక్కు, అన్న భావనను కూడా ఆశ్రయిస్తున్నాయి.

గాత్రదాన కళాకారులకు నేరుగా తగిలే అంశం అదే చట్టంలో మరొకటి ఉంది. 2012 సవరణ ప్రకారం సినిమాలో యాదృచ్ఛికంగా, ప్రాసంగికంగా కనిపించి లేదా వినిపించి, పేర్లలో ఎక్కడా గుర్తింపు పొందని వ్యక్తిని కళాకారుడిగా లెక్కించరు. తన పనిని వక్రీకరించవద్దనే నైతిక హక్కు మాత్రం మిగులుతుంది. చిన్న పాత్రలకు గొంతు ఇచ్చేవారికి ఈ నియమం చాలా ముఖ్యం. సినిమా చివర వేగంగా పైకి జరిగిపోయే పేర్ల వరుసలో ఒక డబ్బింగ్ కళాకారిణి పేరు ఉందా లేదా అన్నదాని మీద ఆమె హక్కు ఎంతవరకు నిలుస్తుందన్నది ఆధారపడవచ్చు.